శని వలయంలో వంకర

జూన్ 3, మంగళవారం

కోదండరామన్న ఇవాళ ఇంటికి వచ్చి తొమ్మిది గ్రహాలకీ ఆర్డరు ఇచ్చి పోయాడు.

కే.జీ.కండిగైలో ఆయన కట్టిస్తున్న కల్యాణ మండపం హాల్లో నవగ్రహాలు పెట్టాలట. దేవుడి పటాలైతే తిరుత్తణి కొండ కింద బావ ఫ్రేముల కొట్లో వరుసగా వేలాడుతుంటాయి, చెయ్యి చాపి తీసుకోవచ్చు. పెళ్లై ముప్పై ఏళ్లయినా గుర్నాథం నాకు బావే, మొగుడు అనే మాట నోరు తిరగదు. కోదండరామన్నకి ఆ పటాలు వద్దు.

"మాకి బొమ్మలు వద్దమ్మా. నిజంగా ఆడ ఉండే గ్రహాలు కావాల. రాకెట్లు పోయి ఫోటోలు తీసినాయి గదా, అవి. పెండ్లికొచ్చినోళ్లు తలకాయెత్తి చూసి నోరెళ్లబెట్టాల" అన్నాడు.

"రాహుకేతువులకి ఫోటో ఎవురు తీసినారన్నా?"

"అది నువ్వు చూసుకో. పెండ్లికూతురు మొహంలో లేని కళ తెప్పిస్తావు, రాహువును తెప్పించలేవా?"

ప్రియ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే దారి చెప్పింది. రాహువుకి గ్రహణం రోజు భూమి మీద పడిన నల్లటి నీడ, కేతువుకి తోకచుక్క. రెండూ అంతరిక్ష నౌకలు తీసినవే ఉన్నాయట. లేక లేక పుట్టిన పిల్ల కదా, తల్లికి లేని తెలివి దానికొచ్చింది. పదకొండో క్లాసు, ప్లస్ వన్‌లోనే ఇంత తెలిస్తే ముందు ముందు మమ్మల్ని అమ్మేస్తుంది.

ఇది దాని పాత నోట్‌బుక్కే. సగం ఖాళీగా ఉంటే తీసుకున్నాను. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో ఎవరూ చదవరు, ఇద్దరికీ అరవం చదివినంత సులువుగా తెలుగు రాదు. నగరిలో చదువుకున్నందుకు నాకు దక్కిన సుఖం ఇది. ఇన్నేళ్లుగా పెళ్లి ఆల్బంలు చేస్తున్నాను. అన్నీ బీరువాల్లోకే పోతాయి. నా పని గోడ ఎక్కడం ఇదే మొదలు. ఈ వయసులో ఇంత సంతోషపడితే బయట నవ్వుతారని ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 6, శుక్రవారం

ఆల్బం పని పక్కన పడేసి గ్రహాల మీదే కూర్చున్నాను.

నౌకలు పంపింది పంపినట్టు వెబ్‌సైట్లో పెట్టేశారు, ఎవరైనా తీసుకోవచ్చు. అన్నీ నలుపు తెలుపే. ఎర్ర అద్దం లోంచి ఒకటి, పచ్చ అద్దం లోంచి ఒకటి, నీలం లోంచి ఒకటి. మూడూ ఒకదాని మీద ఒకటి పరిస్తే రంగు పుడుతుంది. ఈ మూడూ తీసేలోపల గ్రహం కాస్త తిరిగి ఉంటుంది, నౌక కాస్త జరిగి ఉంటుంది, అంచులు కలవవు. గ్రూప్ ఫోటోలో కదిలిపోయిన పిల్లల్ని సర్దినట్టు ఓపిగ్గా సర్దాలి. మధ్యలో తెల్ల చుక్కలు పడి ఉంటాయి. అంతరిక్షంలో ఏవో కిరణాలు కెమెరాకి తగిలి పడ్డవని ప్రియ చెప్పింది. పెళ్లికూతురి మొటిమలు తుడిచినట్టే తుడిచేశాను.

గురుగ్రహం తయారయ్యాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆ సుడులు, ఆ పట్టీలు చూస్తూ కాఫీ చల్లార్చుకున్నాను.

ఇంకో సంగతి. నవగ్రహాలు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, గుళ్లో అట్లానే నిలబెడతారు. అందుకని ఒక్కో ఫోటోలో వెలుగు ఏ పక్క ఉందో చూసి, అదే మొహం అనుకుని, ఎవరికి వారు వేరే దిక్కు చూసేట్టు తిప్పి పెడుతున్నాను. ప్రియ పడీ పడీ నవ్వింది. "స్పేస్‌లో పైనా కిందా ఏం లేదు మా, ఎట్లా తిప్పినా తప్పు లేదు" అంది. తప్పు లేకపోతే సరి.

విద్యాలక్ష్మి కంట్లో పడకుండా ఏ వంకరా తప్పించుకోలేదని బావ కొట్లో అందరితో నా గురించి గొప్పలు చెబుతాడు. కన్ను అంటే ఒక్కటే, కుడిది. ఎడమది చిన్నప్పటి నుంచీ మొహానికి జత కోసం ఉంది, దానికి వెలుతురూ ఆకారాలూ తప్ప ఏమీ పట్టదు. ఒంటి కన్నుతోనే ఇన్ని వేల మొహాలు సర్దాను మరి.

జూన్ 11, బుధవారం

శని మొదలుపెట్టాను. వలయాన్ని సరిగ్గా అంచు వైపు నుంచి తీసిన ఫోటో ఎంచుకున్నాను. గ్రహం మీదుగా వెంట్రుకంత సన్నటి గీత, దాని నీడలు మొహం మీద పట్టెలు పట్టెలుగా. ప్రియ వెబ్‌సైట్లోంచి దించిన ఫోటోనే ఉన్నదున్నట్టు కోదండరామన్న ఫోన్‌కి పంపితే "విభూతి పెట్టుకున్నట్టు ఉండాడమ్మా!" అని మురిసిపోయాడు.

ఒకటే లోపం, గీత నడుమ చిన్న వంకర. కెమెరా తప్పయి ఉంటుంది. సర్దాను.

జూన్ 12, గురువారం

వంకర ఇవాళ ఇంకాస్త కుడిపక్కన ఉంది. నిన్న సరిగ్గా సేవ్ చెయ్యలేదేమో. మళ్లీ సర్దాను.

జూన్ 13

మళ్లీ.

జూన్ 15, ఆదివారం

తిరువాలంగాడు ఉష ఫోన్ చేసింది. పోయిన నెల పెళ్లైన పిల్ల, దాని ఆల్బం మొన్ననే ఇచ్చి పంపాను.

"ఆంటీ, నా ముక్కును ఎందుకు ఇంత వెడల్పు చేసినారు?"

"వెడల్పు చెయ్యలేదమ్మా. ఫోటోలో నీ ముక్కు నడుమ నొక్కినట్టు పడింది. దాన్ని సరిచేసినా."

"నా ముక్కు నొక్కినట్టు లేదు ఆంటీ. మా అత్త చూసి, ఇది ఎవురి ముక్కు అని అడగతా ఉంది. అన్ని పేజీల్లోనూ అదే ముక్కు!"

ఈ కాలం పిల్లలకి ఫోన్ ఎలా చూపిస్తే అదే మొహం. మళ్లీ చేసిస్తానని చెప్పి పెట్టేశాను. ఒరిజినల్ తెరిచి చూశాను కూడా. నొక్కినట్టే ఉంది. నాకేమైనా కళ్లు లేవా?

జూన్ 18, బుధవారం

తప్పు మానిటర్‌ది. ఇవాళ తెలిసింది. కొలత కోసం స్క్రీన్ మీద అడ్డగీత ఒకటి లాగితే అదీ వంగే కనిపించింది. కంప్యూటర్ గీసిన గీత వంగుతుందా ఎక్కడైనా? పాతదైపోయింది పాపం, ఎన్ని పెళ్లిళ్లు చూసిందో.

బావతో చెబితే సాయంత్రం తిరువళ్లూర్ బజార్లో దిగి కొత్తది మోసుకొచ్చాడు. పెట్టి చూశాం.

కొత్తదీ అంతే. ఇప్పుడు అన్ని కంపెనీలూ నాసిరకమే చేస్తున్నాయి. బావకి ఆ మాట చెప్పలేదు, అంత దూరం మోసుకొచ్చాడు కదా.

జూన్ 21, శనివారం

ప్రియ నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"మా, రింగ్‌ను ఎందుకు వంచతా ఉండావు?"

"వంచడం లేదు. వంగింది తీస్తా ఉండా."

"అది స్ట్రెయిట్‌గానే ఉండింది మా. డౌన్‌లోడ్ చేసినప్పుడు నేను చూసినా గదా. నువ్వే పాము మాదిరి చేసి పెట్టినావు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పది రోజులుగా సర్దిందే సర్దుతున్నాను. ఒకచోట తీస్తే ఇంకోచోట లేస్తోంది. నేను వంటింట్లో ఉన్నప్పుడు ఈ కంప్యూటర్ ముందు కూర్చునేది ఇంకెవరు?

"నేను లేనప్పుడు ఫైల్లో చెయ్యి పెడతా ఉండేది నువ్వు గదా? నిజం చెప్పు."

"నేను తాకలేదు."

"అబద్ధాలు ఆడొద్దు. అమ్మ పని గోడకెక్కతా ఉంటే నీకి ఓర్వలేనితనం."

ప్రియ మొహం చూశాను. సరిగ్గా కనపడలేదు గానీ పెదాలు వణికాయని తెలిసింది. "సరి. ఇనిమే తొడమాట్టేన్" అని లోపలికి పోయింది. ఇకమీద ముట్టనే ముట్టనని. కోపం వస్తే దానికి అరవమే వస్తుంది.

ఆ మాట అనేశాక నాకే తప్పనిపించింది. కన్న తల్లి మీద పిల్లకి ఓర్వలేనితనం ఏమిటి? కానీ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే వంకర నేనే పెట్టానని ఒప్పుకున్నట్టు అవుతుంది.

జూన్ 22

ప్రియ మాట్లాడలేదు.

జూన్ 24, మంగళవారం

పెడితే తింటుంది, అడిగితే తల ఊపుతుంది. ముగ్గురమూ ఒకే గదిలో కూర్చుని మూడు దిక్కులు చూస్తున్నాం. బావ టీవీని, ప్రియ ఫోన్‌ని, నేను శనిని. కోదండరామన్న వస్తే మమ్మల్నే గోడకి తగిలించుకోవచ్చు.

మధ్యాహ్నం కీబోర్డు మీద గ్రాఫ్ కాగితం ఒకటి కనిపించింది. గళ్ల నడుమ పెన్నుతో నల్ల చుక్క. కింద అరవంలో ప్రియ రాత: కుడి కన్నుతో చుక్కను మాత్రం చూడు, గళ్లు ఎట్లా కనిపిస్తాయో చెప్పు.

నోటితో మాట్లాడదు, కాగితాలు పెడుతుంది! సొరుగులో పడేశాను.

జూన్ 27, శుక్రవారం

తొమ్మిదీ ప్రింటుకి ఇచ్చాను. ప్రెస్సులో వేల్‌మురుగన్ "అక్కా, శని లైన్ కొంచెం వంగి ఉండాది, అట్లే కొట్టేదా?" అన్నాడు.

కొట్టమన్నాను. నా పని నాకు తెలుసన్నాను.

సాయంత్రం బావ అన్నీ చాప చుట్టినట్టు చుట్టి తిరుత్తణి తీసుకుపోయాడు. ఆదివారానికల్లా ఫ్రేములు కట్టేస్తాడు. లోపల ఏముందో చూడడు, ఆయన చూపు ఎప్పుడూ ఫ్రేము మూలల దగ్గరే ఆగిపోతుంది.

పేపరు చదవడం మానేశాను. ప్రతి మాటలోనూ నడిమి అక్షరం మింగేస్తున్నారు. అచ్చు వేసేవాళ్లకి శ్రద్ధ లేదు.

జూలై 2, బుధవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

ఆడి నెల వస్తే శుభకార్యాలు ఉండవు కదా, ఆ లోపల హోమం చేసి మండపం తెరవాలని కోదండరామన్న తొందర. పటాలు తగిలించారు, వచ్చి చూడమన్నాడు. బావతో రైల్లో తిరుత్తణి పోయి, అక్కడి నుంచి ఆటోలో కండిగై చేరాను. హాలంతా కొత్త సున్నం వాసన. ఎనిమిది పటాల దగ్గరా బాగుందనే అన్నారు. తోకచుక్కని చూసి మేస్త్రీ దండం పెట్టాడు. కోదండరామన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని శని ముందర నిలబడి ఉన్నాడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. నువ్వు ఫోన్‌కి పంపినప్పుడు శనీశ్వరుడి గీత తిన్నగా ఉండింది. ఇప్పుడేంది ఇట్లా మెలికలు తిరిగింది? రేపు పెండ్లికొచ్చినోళ్లు ఏమనుకుంటారు?"

దగ్గరికి పోయాను. నేను చూసిన చోట వంకర ఉంది. చూపు ఎడమకి జరిపితే వంకర ఎడమకి వచ్చింది. కుడికి జరిపితే కుడికి వచ్చింది. నా చూపుని పట్టుకుని అది తిరుగుతోంది. పటం పక్కనే కొత్త టేకు ద్వారబంధం ఉంది. దాన్ని చూశాను, అదీ నడుం దగ్గర వంగింది.

"బావా, ఆ ద్వారబంధం నిటారుగా ఉందా?"

"ఉంది. ఏం?"

"బాగా చూసి చెప్పు."

"నిటారుగానే ఉంది విద్యా. ఏమైంది నీకి?"

ఏమీ లేదన్నాను. ఎండకి తల తిరిగిందన్నాను. శనిని దించేయమని కోదండరామన్నకి చెప్పి, మళ్లీ చేసిస్తానని ఒప్పుకుని బయటపడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు రైలు కిటికీ కడ్డీలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను. నేను చూడనంతసేపూ తిన్నగా ఉన్నాయి, చూడగానే వంగాయి.

ఇంటికి రాగానే సొరుగులోంచి ప్రియ కాగితం తీశాను. కుడి కన్నుతో చుక్కని చూశాను. చుక్క లేదు. చుట్టూ గళ్లన్నీ ఆ లేని చుక్కలోకి ఈడ్చుకుపోతున్నాయి.

లోపం నా కంట్లో ఉందని ప్రియ ఎనిమిది రోజుల కిందటే కనిపెట్టింది. తిట్టించుకుని, మాట మానేసి, అయినా కాగితం తెచ్చి పెట్టింది. నేను దాన్ని అబద్ధాలకోరు అన్నాను.

భయంగా ఉంది. నాకున్నది ఈ ఒక్క కన్నే.

జూలై 4, శుక్రవారం

నిన్న బావకి చెప్పాను. ఇవాళ చెన్నైలో కంటాసుపత్రి. బావ దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

కంట్లో మందు వేసి, గంటలు కూర్చోబెట్టి, లోపల ఫోటో తీశారు. దాన్ని పెద్ద స్క్రీన్ మీద వేసి చూపించింది డాక్టరమ్మ. నల్లటి చీకట్లో నారింజ రంగు గుండ్రం, మీద ఎర్రటి వాగులు. నేను సర్దిన తొమ్మిదింటి పక్కన పెడితే పదోది అనుకుంటారు. ఇంకో ఫోటో పక్కనుంచి కోసి చూపించినట్టు ఉంది. పొరలు పొరలుగా నేల, దాని నడుమ నిట్టనిలువు గుంట.

"ఇదే రంధ్రం. కంటి వెనక పొరలో చూపుకి నడిమధ్య చోటు ఇది. వయసుతో కొందరికి వస్తుంది, మీరేం తప్పు చెయ్యలేదు" అని అరవంలో మెల్లగా చెప్పింది.

నా కుడి చెయ్యి బల్ల మీద మౌస్ కోసం వెతికింది. ఆ గుంటని అంచుల నుంచి కాస్త రంగు లాగి పూడ్చేయడం ఎంతసేపు? అలాంటివి ఎన్ని పూడ్చలేదు? నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. బావ ముందు ఏడ్చాను.

ఆపరేషన్ చేసి కంట్లో గాలి నింపుతారు. ఆ గాలిబుడగ పైకి తేలి రంధ్రాన్ని అదిమి పట్టాలంటే వారం పైగా మొహం నేలకేసి బోర్లా పడుకోవాలి. తినేదీ తాగేదీ తల వంచుకునే. రంధ్రం చాలామందికి మూసుకుంటుంది. చూపు ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమంది. రెండో కన్ను ఎట్లా ఉందని అడిగింది.

అది ఉత్తదే అని చెప్పాను.

జూలై 7, సోమవారం

హోమం అయిపోయిందట. శనికి పెట్టిన చోటు ఖాళీగా వదిలారు. కోదండరామన్న ఫోన్ చేసి "ఎనిమిది మందితోనే కానిచ్చినాంలేమ్మా. ఆ శనీశ్వరుడు ఎప్పుడూ నిదానంగానే గదా వచ్చేది, రానీ. ముందు నీ కన్ను చూసుకో" అన్నాడు. మంచి మనిషి.

ప్రియకి బావ అంతా చెప్పాడు. సాయంత్రం వచ్చి గడప దగ్గర నిలబడి "మా" అంది. పదహారు రోజుల తర్వాత మొదటి మాట.

"పోయి చదువుకో" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలీదు. తెలుసు. అది దగ్గరికి వస్తే నేను ఏం చెప్పాలో తెలుసు, అందుకే అన్నాను.

జూలై 9

రేపు ఆపరేషన్. ప్రియకి చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

జూలై 12

బోర్లా. స్కెచ్ పెన్ను. ఎడమ కన్ను. పేజీకి నాలుగే ముక్కలు.

జూలై 13

మెడ నొప్పి. గచ్చు. గచ్చు తప్ప ఏమీ లేదు.

జూలై 15

బావ పాదాలు వస్తాయి, కాఫీ వస్తుంది. ప్రియ గొలుసుల చప్పుడు గడప దాకా వస్తుంది. ఆగుతుంది. పోతుంది. నేనూ పిలవను.

జూలై 23, బుధవారం

ఇవాళ లేచి కూర్చోవచ్చన్నారు. స్కెచ్ పెన్నుతోనే రాస్తున్నాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో, పడనీ. శుక్రవారం జరిగింది రాయకపోతే నాకు ఊపిరాడదు.

ఆ రోజు బావ ఇంట్లో లేడు. ఆడి వచ్చేసింది, కావళ్లు మోసేవాళ్లతో తిరుత్తణి కిక్కిరిసి ఉంది, కొట్టు మూయలేడు. ప్రియ స్కూలు ఎగ్గొట్టి నాకు కాపలా ఉంది. మంచం అంచు అవతలికి మొహం పెట్టి, నుదుటి కింద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నాను. గొలుసుల చప్పుడు వచ్చింది, ఈసారి గడప దగ్గర ఆగలేదు. మంచం కింద ఏదో జరిగిన చప్పుడు. నా మొహానికి సరిగ్గా ఎదురుగా, జానెడు దూరంలో, గచ్చు మీద గోధుమరంగు ఆకారం.

"ఎవురు?"

"నేనే."

"కింద పడుకున్నావేందే, గచ్చు చల్లగా ఉంటుంది."

"నీకి గచ్చు చూసి చూసి బోర్ కొట్టుంటుంది గదా. అందుకే వచ్చినా."

దాని ఊపిరి నా బుగ్గకి తగులుతోంది. అదే మళ్లీ మాట్లాడింది.

"మా, శనిని మళ్లీ చేసినా. మొదట్నుంచి. నువ్వు ఓకే అంటేనే నాయన ప్రింటుకి ఇస్తాడు."

"నాకేం కనపడతాదని ఓకే అనేది?"

"నేను చెప్తా, నువ్వు విను." చెప్పింది. గీత ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా తెగకుండా పోతోందని, నీడలు గ్రహం పై సగం మీద పడ్డాయని, అంచులు కలపడానికి రెండు సాయంత్రాలు పట్టిందని. చివర్లో గొంతు తగ్గించింది. "గీతకి కొంచెం పైన ఒక చుక్క ఉంది మా. మచ్చ అనుకుంటా. తుడిచేదా?"

"మూడు ఫోటోల్లోనూ ఉందా?"

లేచి పోయి చూసి వచ్చి మళ్లీ కింద దూరింది. "ఉంది. ఒక్కోదాంట్లో కొంచెం జరిగి ఉంది."

"మచ్చ అయితే ఒక్క దాంట్లోనే ఉంటుంది. అది మచ్చ కాదే, శని చుట్టూ తిరిగే చందమామ. ఉండనీ."

ఆ మాట అంటుంటే నేను మచ్చలనుకుని ఎన్ని చందమామల్ని తుడిచేశానో అనిపించింది.

"ప్రియా, ఆ రోజు అన్న మాట..."

"ఏ మాట?"

"నీకి తెలుసు."

"తెలుసు. అయినా నువ్వు చెప్పు."

పదహారేళ్ల పిల్ల, కోర్టులో వకీలు మాదిరి. చెప్పాను. "ఓర్వలేనితనం అన్నాను. అబద్ధాలు ఆడతావన్నాను. రెండూ తప్పు. వంకర నాది." అంతే చెప్పగలిగాను. ఎడమ కన్ను చూడడానికి పనికిరాకపోయినా ఏడవడానికి పనికొచ్చింది. బోర్లా ఉన్నాను కదా, నీళ్లు నేరుగా దాని మొహం మీద పడ్డాయి.

"మా, ఏడిస్తే కుట్లకి ఏమీ కాదా? డాక్టర్‌ను అడిగేదా?" అంది. తుడుచుకోలేదు. అలాగే పడుకుని ఉంది.

జూలై 28, సోమవారం

డాక్టరమ్మ మళ్లీ ఫోటో తీసింది. రంధ్రం మూసుకుంది! బావ అక్కడే ఆమెకి చేతులెత్తి దండం పెట్టాడు. కానీ చూపు సంగతి గాలిబుడగ పూర్తిగా కరిగిపోయాకే తెలుస్తుందట.

బుడగ నాకు కనిపిస్తుంది. చూపు కింది సగంలో గుండ్రంగా, నల్లటి అంచుతో ఊగుతూ ఉంటుంది. తల తిప్పితే తిరుగుతుంది, దగ్గితే వణుకుతుంది. దాని లోపల అంతా నీళ్లలో చూసినట్టు. ప్రియ కాగితం మీద గీయించుకుంది, "ఏ స్పేస్‌క్రాఫ్టూ తియ్యలేదు మా ఈ గ్రహాన్ని" అని.

కండిగైలో శని గోడ ఎక్కాడు. కోదండరామన్న ఫోన్‌లో ఒకటే పొగడ్త. "గీత అంటే అదేనమ్మా. నీ చెయ్యే చెయ్యి."

"నా చెయ్యి కాదన్నా. ప్రియది. కన్నూ దానిదే" అన్నాను. పక్కనే ఉన్న ప్రియ వినీ విననట్టు జడ అల్లుకుంటోంది.

ఆగస్టు 1, శుక్రవారం

బుడగ గోలీకాయంత అయింది.

అందరూ అది ఎప్పుడు పోతుందా అని చూస్తున్నారు. నాకు పోకపోతే బాగుండు అని ఉంది. అది ఉన్నంతకాలం ఏది సరిగ్గా కనపడకపోయినా బుడగ అడ్డం వచ్చిందనుకోవచ్చు. అది పోయాక కనిపించేదే ఇక కనిపించేది. డాక్టరమ్మ చూపు మెల్లమెల్లగా ఇంకొంచెం రావచ్చు అంది, రాకపోవచ్చు అని కూడా అంది. నేను రెండో మాటే గట్టిగా విన్నాను.

ఆల్బం పని మళ్లీ చెయ్యగలనా అని అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది.

ఆగస్టు 3

శనగగింజంత.

ఆగస్టు 4

సాయంత్రం దాకా ఉంది. చిన్నది. పిలిచినట్టు ఊగుతోంది.

ఆగస్టు 5, మంగళవారం

తెల్లారి మెలకువ వచ్చాక కళ్లు తెరవలేదు. రెప్పల వెనకే వెతికాను, దాని జాడ లేదు. అయినా తెరవకుండా పడుకున్నాను. కాఫీ వాసన వచ్చింది. బావ కొట్టుకి పోకుండా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ప్రియ వచ్చి మంచం మీద కూర్చుంది.

"పోయిందా మా?"

"పోయింది."

"అయితే కళ్లు తెరువు."

ఎడమ కన్నుని అరచేత్తో మూసి కుడిది తెరిచాను. నుదురు కనిపించింది. నూనె పెట్టని జుట్టు, కనుబొమలు, నిద్ర చాలని రెండు కళ్లు, పళ్ల మీద క్లిప్పు. ఎన్నాళ్లయింది దాని కళ్లు చూసి! కళ్ల మీంచి ముక్కు దగ్గరికి దిగాను. చూపు ఎక్కడ నిలిపితే అక్కడ కొంచెం లేదు.

"ఎట్లుంది?" బావ అడిగాడు.

"బాగుంది" అన్నాను.

బావ గట్టిగా ఊపిరి వదిలి గోడకి ఆనుకున్నాడు. ప్రియ మాత్రం కదల్లేదు, నన్నే చూస్తోంది. ఆ ఖాళీలో నా బుర్ర అప్పుడే ఒక ముక్కుని తయారుచేసి అతికించబోతోంది. చుట్టుపక్కల రంగు తీసుకుని, అంచులు కలిపి, ఎవరికీ తెలియకుండా.

"లేదు" అన్నాను. "నీ ముక్కు కొస నాకు కనపడలేదు ప్రియా. ఆడ ఏమీ లేదు."

బావ గోడ దగ్గర్నుంచి కదల్లేదు. ప్రియ నా చెయ్యి తీసుకుంది. చూపుడు వేలు పట్టుకుని తన మొహం మీద ఆనించుకుంది.

"ఇదో, ఈడుంది" అంది.

ఉంది. చల్లగా, కాస్త చెమటతో.